మనకి రావాల్సిన మెయిల్ గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పోతుంటే

బావగారు ఫోన్ చేసేదాకా నా మెయిల్ సర్వర్ బ్రహ్మాండంగా నడుస్తోందనే అనుకుంటున్నాను. "మీ అక్కకి మూడుసార్లు పంపానయ్యా. పంపిన నిమిషంలోనే తిరిగొచ్చేస్తోంది. నీకూ కాపీ పెట్టాను, అది మాత్రం వెనక్కి రాలేదు. చూశావా?" అన్నారు. చూడలేదు. నాకసలు రాలేదు. రెండు రోజులుగా ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటే, పోన్లే ఈ వారం ఎవరూ పీక్కుతినట్లేదని సంబరపడ్డానే తప్ప అనుమానం రాలేదు.

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకి ఇదే చిక్కు. మనం పంపింది వెనక్కొస్తే మనకి తెలుస్తుంది. మనకి రావాల్సింది వెనక్కి పోతే పంపినవాళ్లకి తెలుస్తుంది. పాపం వాళ్లు ఆ సంగతి మనకి మెయిల్లోనే చెప్పబోతారు, అదీ వెనక్కే పోతుంది. ఇంటి యజమానికి తప్ప అందరికీ తెలిసిన విషయంలా తయారవుతుంది.

ఏడేళ్లుగా ఇంట్లోవాళ్లవీ స్నేహితులవీ కలిపి పదకొండు మెయిల్‌బాక్సులు నడుపుతున్నాను. గుమ్మం దగ్గర వచ్చే మెయిల్‌ని తీసుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, లోపల మెయిల్‌బాక్సులు చూసుకోవడానికి డవ్‌కాట్. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి సెట్టింగుల పేర్లు మారతాయి గానీ వెతికే దారి ఇదే. సెట్టింగులూ కమాండ్లూ ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, తెలిసిందే.

వెతకడం మొదలుపెట్టకముందు చేయాల్సిన పని

కారణం ఏమిటో తెలియకముందే ఒక పని చేసేయండి. పోస్ట్‌ఫిక్స్ కాన్ఫిగ్‌లో సాఫ్ట్_బౌన్స్ = యెస్ అని పెట్టి రీలోడ్ కొట్టండి. ఇది పెట్టాక మన సర్వర్ 5తో మొదలయ్యే జవాబులన్నిటినీ 4తో మొదలయ్యేలా మార్చి చెబుతుంది. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే భాష ఎస్ఎమ్‌టీపీలో 5 అంటే "కుదరదు, తీసుకెళ్లిపో" అని. 4 అంటే "ఇప్పుడు కాదు, మళ్లీ రా" అని. మళ్లీ రమ్మంటే అవతలి సర్వర్ మెయిల్‌ని తన క్యూలో పెట్టుకుని, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ భాషకి నియమాలు రాసిన 2008 నాటి పత్రం ఆర్ఎఫ్‌సీ 5321 ప్రకారం కనీసం నాలుగైదు రోజులు అలా ప్రయత్నించాలి. పోస్ట్‌ఫిక్స్ కూడా డిఫాల్ట్‌గా 5 రోజులు ఆగుతుంది. అంటే ఈ ఒక్క లైన్‌తో మనకి కొన్ని రోజుల గడువు దొరికినట్టే. టెన్షన్ సగం అక్కడే దిగిపోతుంది.

అన్నిటికీ ఇది మందు కాదు. అవతలివాళ్లు మన సర్వర్ దాకా రాలేకపోతే ఇది చేసేదేమీ ఉండదు. మెయిల్‌ని మనమే తప్పు డబ్బాలో పడేస్తుంటే అసలే ఉపయోగం లేదు. నా సొంత మెయిల్‌కి జరిగింది ఈ రెండోదే. ఓటీపీలు పంపే కొన్ని సిస్టమ్స్‌కి నాలుగైదు రోజులు వేచి చూసే ఓపికా ఉండదు. అయినా ముందు ఇది పెట్టాకే మిగతాది.

బౌన్స్ మెయిల్ మొత్తం తెప్పించుకోండి

బావగారు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపారు. అందులో "మీ మెసేజ్ డెలివర్ కాలేదు" అనే పెద్దక్షరాలూ, ఒక విచారపు బొమ్మా ఉన్నాయి. మనకి కావాల్సింది దాని కింద, ఎవరూ చదవని చిన్నక్షరాల్లో ఉంటుంది. "బావగారూ, అది కాదు, కిందికి వెళ్లి 550 లాంటి నంబర్ ఉన్న లైన్ నుంచి చివరిదాకా కాపీ చేసి పెట్టండి" అని బతిమాలాను. పెట్టారు.

అందులో మూడు విషయాలు చూడాలి. రిపోర్టింగ్-ఎమ్‌టీఏ అన్నచోట ఈ బౌన్స్ రాసిన సర్వర్ పేరు ఉంటుంది. రిమోట్-ఎమ్‌టీఏ అన్నచోట వద్దని చెప్పిన సర్వర్ పేరు. డయాగ్నోస్టిక్-కోడ్ అన్నచోట ఆ సర్వర్ అన్న మాట ఉన్నదున్నట్టుగా ఉంటుంది. మొదటిది అవతలివాళ్ల సర్వరై, రెండోది మనదైతే మనం గుమ్మంలోనే తిప్పికొట్టామన్నమాట. మొదటిదే మన సర్వరైతే, మెయిల్ లోపలికి తీసుకుని తర్వాత తిప్పి పంపామన్నమాట. అది ఇంకా చెడ్డ సంగతి, ఎందుకో తర్వాత చెప్తాను. రిమోట్ సర్వర్ పేరు మనకి సంబంధం లేనిదైతే మన డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి ఇవ్వాలో డీఎన్ఎస్‌లో, అంటే ఇంటర్నెట్ పేర్ల పట్టికలో, రాసి ఉండే ఎమ్ఎక్స్ రికార్డు తప్పయి ఉండాలి, లేదా మధ్యలో ఫార్వర్డింగ్ ఉండాలి.

డయాగ్నోస్టిక్ లైన్లో 550 పక్కన 5.1.1 లాంటి మూడంకెల కోడ్ ఉంటుంది. నేను మధ్య అంకె చూస్తాను. 1 ఉంటే అడ్రస్ గొడవ. 2 అయితే మెయిల్‌బాక్స్ నిండటం లాంటిది. 3 అంటే సర్వర్ పరిస్థితి బాలేదు, 4 అంటే నెట్‌వర్క్ లేదా రూటింగ్, 5 అంటే ప్రోటోకాల్, 6 అంటే మెయిల్ లోపలి సరుకు, 7 అంటే సెక్యూరిటీ పేరుతో మనమే పెట్టుకున్న రూల్. నా అనుభవంలో 1, 7 ఈ రెండే ఎక్కువ.

మన గుమ్మం దాకా వచ్చిందా, రాలేదా

బౌన్స్ వచ్చిన టైమ్ పట్టుకుని లాగ్ చూడండి. డెబియన్, ఉబుంటుల్లో మెయిల్.లాగ్ అనీ, రెడ్‌హ్యాట్ తరహా సిస్టమ్స్‌లో మెయిల్‌లాగ్ అనీ వర్ లాగ్ ఫోల్డర్‌లో ఉంటుంది. డెబియన్ 12 నుంచి లాగ్ ఫైళ్లు రాసే ఆర్‌సిస్‌లాగ్ డిఫాల్ట్‌గా రావట్లేదు కాబట్టి ఆ ఫైల్ కనిపించకపోతే జర్నల్‌సీటీఎల్‌లో వెతకండి. టైమ్ జోన్ మర్చిపోవద్దు. సర్వర్ యూటీసీలో ఉందని మర్చిపోయి, ఐదున్నర గంటలు తేడాగా ఉన్న చోట అర్ధగంట వెతికిన ఘనత నాది.

పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో నాకు బాగా నచ్చేది డిస్‌కనెక్ట్ లైన్. వచ్చినవాడు ఏమేం అడిగాడో, ఎన్నిటికి సరేనన్నామో ఒకే లైన్లో ఉంటుంది. ఈహెచ్ఎల్ఓ=2 స్టార్ట్‌టీఎల్ఎస్=1 మెయిల్=1 ఆర్‌సీపీటీ=0/1 క్విట్=1 కమాండ్స్=5/6 అని ఉందనుకోండి. ఈహెచ్ఎల్ఓ అంటే పలకరింపు, స్టార్ట్‌టీఎల్ఎస్ అంటే మాటల్ని ఎన్‌క్రిప్ట్ చేద్దామని అడగడం. సున్నా బై ఒకటి ఎక్కడుందో అక్కడే తేడా కొట్టింది. ఇక్కడ ఆర్‌సీపీటీ, అంటే "ఫలానా వాళ్లకి" అని అడ్రస్ చెప్పినప్పుడు మనం వద్దన్నాం. దానికి కొంచెం పైన నోక్యూ: రిజెక్ట్ అనే లైన్ ఉండి తీరుతుంది, అందులో కారణం ఉంటుంది.

లాగ్‌లో అసలు జాడే లేకపోతే మనిషి మన గుమ్మందాకా రాలేదు. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులు కెలకడం దండగ. ముందు డీఎన్ఎస్‌ని అడిగే డిగ్ కమాండ్‌తో ఎమ్ఎక్స్ చూడండి. మన సర్వర్ నుంచి కాదు, బయటి మెషీన్ నుంచి. ఎమ్ఎక్స్‌లో ఉండాల్సింది హోస్ట్ పేరు, ఐపీ నంబర్ కాదు. ఆ పేరుకి నేరుగా ఐపీ నంబర్ చెప్పే "ఏ" లేదా "క్వాడ్ ఏ" అనే రికార్డు ఉండాలి, ఇంకో పేరుని చూపించే సీనేమ్ ఉండకూడదు. 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2181లోనే ఈ మాట ఉంది. కొన్ని సర్వర్లు చూసీచూడనట్టు పోతాయి, కొన్ని పోవు. అందుకే "ఒకరి మెయిల్ వస్తోంది, ఇంకొకరిది రావట్లేదు" అనే వింత పుడుతుంది. డొమైన్ రెన్యూవల్ తేదీ కూడా ఒకసారి చూడండి. నవ్వకండి, పెద్దపెద్దవాళ్లే మర్చిపోతారు.

డీఎన్ఎస్ బాగుంటే, బయటి మెయిల్ లోపలికొచ్చే తలుపు, పోర్ట్ 25. ఫైర్‌వాల్, హోస్టింగ్ వాళ్ల వైపు ఇంకో ఫైర్‌వాల్, పోస్ట్‌ఫిక్స్ ఇనెట్_ఇంటర్‌ఫేసెస్ సెట్టింగ్ లూప్‌బ్యాక్‌కే, అంటే ఆ మెషీన్‌కే, పరిమితమై ఉండటం, ఈ మూడూ చూస్తే చాలు. బయటి నుంచి టెల్‌నెట్ చేస్తే 220తో పలకరింపు రావాలి. ఇంటి కనెక్షన్ నుంచి టెస్ట్ చేసి, రావట్లేదని కంగారుపడకండి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ల నుంచి బయటికి పోయే 25ని ఆపేస్తాయి.

గుమ్మం దాకా వచ్చి, స్టార్ట్‌టీఎల్ఎస్ చెప్పి, మెయిల్ అనే మాటే ఎత్తకుండా వెళ్లిపోతున్నారా? అయితే సర్టిఫికెట్ సంగతి చూడండి. మామూలుగా సర్టిఫికెట్ గడువు దాటినా మెయిల్ సర్వర్లు పెద్దగా పట్టించుకోవు. కానీ సర్టిఫికెట్ సరిగ్గా ఉంటేనే మెయిల్ ఇవ్వమని అవతలివాళ్లకి చెప్పే ఎమ్‌టీఏ-ఎస్‌టీఎస్ పాలసీ మనం పెట్టి ఎన్‌ఫోర్స్ మోడ్‌లో ఉంచితే జీమెయిల్ లాంటివి పట్టించుకుంటాయి. సర్టిఫికెట్ గడువు దాటినా, ఎమ్ఎక్స్ పేరు మార్చి పాలసీ ఫైల్లో పాత పేరే వదిలేసినా డెలివరీ ఆపేస్తాయి. డేన్ వాడేవాళ్లకి ఇంకో గండం ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులకి ముందే రెన్యూ అవుతుంది, రెన్యూ అయినప్పుడల్లా సర్ట్‌బాట్ కొత్త కీ తయారుచేస్తుంది, డీఎన్ఎస్‌లో టీఎల్ఎస్ఏ రికార్డు మాత్రం పాత కీదే ఉండిపోతుంది. డేన్ చూసే సర్వర్లన్నీ ఆ రోజు నుంచి మొహం తిప్పుకుంటాయి. సర్ట్‌బాట్‌కి రీయూజ్-కీ ఆప్షన్ ఇస్తే ఈ బాధ ఉండదు. డేన్ అంటే ఏమిటో గుర్తులేకపోతే మీరు పెట్టలేదనే అర్థం, ముందుకి పోదాం.

బావగారి మెయిల్ ఎందుకు తిరిగొచ్చింది

డయాగ్నోస్టిక్ లైన్లో ఉన్నది: 550 5.1.1, అక్క అడ్రసు, ఆ తర్వాత "రెసిపియెంట్ అడ్రస్ రిజెక్టెడ్: యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్". అలాంటి యూజర్ ఇక్కడెవరూ లేరట. ఏడేళ్లుగా ఉన్న అక్క.

ఇలాంటప్పుడు చాలామంది "యూజర్ అన్‌నోన్" దగ్గరే ఆగిపోయి, డేటాబేస్ తెరిచి అక్క పేరుందా లేదా అని చూస్తారు. నేనూ అదే చేశాను. పేరుంది. పాస్‌వర్డ్ పనిచేస్తోంది. పాత మెయిల్స్ అన్నీ ఉన్నాయి. ఇంకో ఇరవై నిమిషాలు పోయాక లైన్ చివరిదాకా చదివాను: లోకల్ రెసిపియెంట్ టేబుల్. అక్కడుంది కిటుకు. నా యూజర్లు ఎవరూ లోకల్ యూజర్లు కాదు, అందరూ వర్చువల్ మెయిల్‌బాక్స్ టేబుల్లో ఉంటారు. మరి పోస్ట్‌ఫిక్స్ లోకల్ టేబుల్లో ఎందుకు వెతుకుతోంది?

పోస్ట్‌ఫిక్స్ ఏదైనా అడ్రస్ రాగానే దాని డొమైన్ ఏ జాబితాలో ఉందో చూస్తుంది. మైడెస్టినేషన్‌లో ఉంటే అది లోకల్, అంటే లైనక్స్ అకౌంట్లున్నవాళ్లకి. వర్చువల్_మెయిల్‌బాక్స్_డొమైన్స్‌లో ఉంటే వర్చువల్. ఒకే డొమైన్ రెండింట్లోనూ ఉంటే లోకల్‌దే పైచేయి. అలా ఉండకూడదని లాగ్‌లో వార్నింగ్ రాస్తుంది కూడా: "డూ నాట్ లిస్ట్ డొమైన్ ఇన్ బోత్ మైడెస్టినేషన్ అండ్ వర్చువల్_మెయిల్‌బాక్స్_డొమైన్స్". లాగ్ తెరిస్తే అదే వార్నింగ్ పేజీలకి పేజీలు. రెండు రోజులుగా అరుస్తూనే ఉంది, వినేవాడు లేడు.

నేను మైడెస్టినేషన్‌ని ముట్టుకోలేదు. కానీ అందులో మొదటి పదం డాలర్ మైహోస్ట్‌నేమ్. శనివారం రాత్రి సర్వర్‌ని కొత్త మెషీన్‌కి మార్చాను. కొత్త మెషీన్ హోస్ట్‌నేమ్ అడిగితే, ముందు మెయిల్ అనే పదం లేకుండా ఉత్త డొమైన్ పేరు ఇచ్చేశాను. కాన్ఫిగ్‌లో మైహోస్ట్‌నేమ్ రాసి లేదు కాబట్టి పోస్ట్‌ఫిక్స్ మెషీన్ పేరునే తీసుకుంది. దాంతో డొమైన్ మొత్తం లోకల్ అయిపోయింది, లైనక్స్ అకౌంట్ లేని పదిమందీ ఒక్క దెబ్బకి "అన్‌నోన్" అయిపోయారు.

మరి నా మెయిల్ ఎందుకు వెనక్కి పోలేదు? నాకు లైనక్స్ అకౌంట్ ఉంది, మెయిల్ అడ్రస్‌లో ఉన్న పేరే అక్కడా ఉంది. అందుకని పోస్ట్‌ఫిక్స్ నన్ను గుర్తుపట్టి, నా మెయిల్‌ని నిక్షేపంగా తీసుకుని వర్ మెయిల్ ఫోల్డర్‌లో నా పేరుతో ఉన్న ఫైల్లో పడేసింది. డవ్‌కాట్ అటువైపు చూడదు. ఫైల్ తెరిచి లెక్కపెడితే 61 మెయిల్స్. బౌన్స్ అయితే కనీసం పంపినవాళ్లకైనా తెలిసేది, ఇవి ఎవరికీ తెలియకుండా అక్కడ కూర్చున్నాయి. సోమవారం ఉదయం నేనే బయటి అకౌంట్ నుంచి నాకు టెస్ట్ మెయిల్ పెట్టి, "బౌన్స్ రాలేదు, అంతా ఓకే" అనుకున్నాను. అదీ ఈ 61లోనే ఉంది. టెస్ట్ చేస్తే వచ్చిందో లేదో చూడాలి, మన అడ్రస్‌తోపాటు ఇంకొకరిదీ చూడాలి.

సరిచేయడానికి రెండు లైన్లు: పోస్ట్‌కాన్ఫ్ కమాండ్‌తో మైహోస్ట్‌నేమ్‌కి ముందు మెయిల్ అన్న పదమున్న పూర్తి పేరు ఇచ్చాను, మైడెస్టినేషన్‌లో ఉత్త లోకల్‌హోస్ట్ ఉంచాను. రీలోడ్. ఆ 61 మెయిల్స్‌ని డవ్‌అడ్మ్ ఇంపోర్ట్‌తో ఇన్‌బాక్స్‌లోకి తెచ్చుకున్నాను. బావగారిని నాలుగోసారి పంపమన్నాను.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు ఉన్నాయి. "యూజర్ అన్‌నోన్ ఇన్ వర్చువల్ మెయిల్‌బాక్స్ టేబుల్" అంటే సరైన టేబుల్లోనే వెతికింది, పేరు దొరకలేదు. ఫైల్లో రాసి, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే టేబుల్‌గా మార్చే పోస్ట్‌మ్యాప్ కొట్టడం మర్చిపోయి ఉండొచ్చు. పోస్ట్‌మ్యాప్‌కి క్యూ అక్షరం ఆప్షన్‌గా ఇచ్చి అడ్రస్ అడిగితే పోస్ట్‌ఫిక్స్ ఏం చూస్తోందో అదే మనకీ కనిపిస్తుంది. ఏమీ రాకపోతే లేదన్నట్టే. "రిలే యాక్సెస్ డినైడ్" అని 554 గానీ 454 గానీ వస్తే డొమైన్ ఏ జాబితాలోనూ లేదన్నమాట, చేర్చాలి. అంతేగానీ అడక్కుండా నమ్మే ఐపీల జాబితా మైనెట్‌వర్క్స్‌ని వెడల్పు చేసేసి "ఇప్పుడు పనిచేస్తోంది" అనుకోవద్దు. ఊళ్లో స్పామ్ అంతా ఆ రాత్రికే మీ సర్వర్ మీదుగా పోతుంది.

మనమే పెట్టుకున్న కాపలా మనల్నే కరిస్తే

కోడ్ మధ్యలో 7 ఉంటే ఎక్కువసార్లు దోషి మనం అతిజాగ్రత్తతో పెట్టిన రూలే. స్పామ్ పంపే ఐపీల జాబితాలు, అదే బ్లాక్‌లిస్టుల సంగతే తీసుకోండి. వాటిని డీఎన్ఎస్ ద్వారా అడుగుతాం. స్పామ్‌హౌస్ జెన్ లిస్టుని 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (మన తరఫున డీఎన్ఎస్‌ని అడిగిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే అది మామూలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అని ఇస్తుంది. "ఇలా అడగకూడదు" అని దానర్థం. పోస్ట్‌ఫిక్స్‌కి ఆ సంగతి తెలీదు, ఏదో ఒక జవాబు వచ్చిందంటే లిస్టులో ఉన్నట్టే లెక్క. దాంతో వచ్చే ప్రతి మెయిల్‌నీ తిప్పికొడుతుంది. విరుగుడు ఏమిటంటే సర్వర్లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ పెట్టుకోవడం, కాన్ఫిగ్‌లో లిస్టు పేరు పక్కన సమానం గుర్తు పెట్టి 127.0.0.[2..11] జవాబుల్నే నమ్మమని చెప్పడం. మూతపడిన లిస్టుల్ని కూడా తీసేయాలి. ఓఆర్‌డీబీ అనే లిస్టు 2006 డిసెంబరులో మూతపడింది, అయినా జనం అడుగుతూనే ఉన్నారు. 2008 మార్చిలో అది ప్రతి ఐపీకీ "ఉంది" అని జవాబివ్వడం మొదలుపెట్టింది. అప్పటికీ కాన్ఫిగ్‌లోంచి తీయనివాళ్ల మెయిల్ మొత్తం ఆగిపోయింది.

నేను ఆ సలహా పాటించి అన్‌బౌండ్ పెట్టుకున్న రోజునే ఇంకో గోతిలో పడ్డాను. లాగ్ నిండా 450 4.1.8, "సెండర్ అడ్రస్ రిజెక్టెడ్: డొమైన్ నాట్ ఫౌండ్". జీమెయిల్ డొమైన్ కూడా నాట్ ఫౌండే! అదే సర్వర్లో డిగ్ కొడితే చక్కగా జవాబు వస్తోంది. చేత్తో అడిగితే ఉంది, పోస్ట్‌ఫిక్స్ అడిగితే లేదు. పిచ్చెక్కింది. పోస్ట్‌ఫిక్స్ చెక్ అనే కమాండ్ కొడితే ఒక్క లైన్లో చెప్పేసింది: పోస్ట్‌ఫిక్స్ స్పూల్ ఫోల్డర్ లోపలి రిజాల్వ్.కాన్ఫ్‌కీ (ఏ రిజాల్వర్‌ని అడగాలో రాసి ఉండే ఫైల్), అసలు రిజాల్వ్.కాన్ఫ్‌కీ తేడా ఉందని. నా డెబియన్‌లో పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో, అంటే తన గదిలో తాను గొళ్లెం పెట్టుకుని నడుస్తుంది, రిజాల్వ్.కాన్ఫ్‌కి తన సొంత కాపీ పెట్టుకుంటుంది. అసలు ఫైల్ మార్చాను, గదిలో కాపీలో పాత రిజాల్వరే ఉంది, ఆ పాతదాన్ని నేనే ఆపేశాను. పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేస్తే కాపీ మారింది, అంతే. అది 450 కాబట్టి ఒక్క మెయిలూ పోలేదు, అన్నీ గంటలో వచ్చేశాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పంపేవాళ్ల ఐపీకి పేరు, పేరుకి అదే ఐపీ రెండువైపులా కలవాలనే రిజెక్ట్_అన్‌నోన్_క్లయింట్_హోస్ట్‌నేమ్ రూల్ చాలా కఠినం. చిన్న ఆఫీసుల సర్వర్లు దానికి బలవుతాయి, అందులో రివర్స్ అనే పదం చేరిన మెతక రూల్ చాలు. కొత్త ఐపీ నుంచి వచ్చినవాళ్లని మొదటిసారి "మళ్లీ రా" అని పంపేసే గ్రేలిస్టింగ్ పెడితే, పెద్ద కంపెనీలు ప్రతి ప్రయత్నానికీ వేరే ఐపీ నుంచి వస్తాయి, ప్రతిసారీ కొత్తవాడే అనుకుని మళ్లీ రమ్మంటూ పోతాం, చివరికి వాళ్లే విసుగొచ్చి బౌన్స్ చేస్తారు. నేనైతే తీసేశాను.

సైజు, డిస్కు

పోస్ట్‌ఫిక్స్‌లో మెసేజ్_సైజ్_లిమిట్ డిఫాల్ట్‌గా 1,02,40,000 బైట్లు. పది ఎంబీ కదా, ఏడున్నర ఎంబీ ఫైల్ పడుతుందిలే అనుకుంటాం. పట్టదు. అటాచ్‌మెంట్‌ని బేస్64లోకి మార్చి పంపుతారు, మూడు బైట్లు నాలుగవుతాయి, లైన్ల చివర్లు కలిపితే మూడో వంతుకి పైనే పెరుగుతుంది. ఇక్కడ ఒక తమాషా. మన లిమిట్ ఎంతో పలకరింపులోనే చెబుతాం కాబట్టి, అది చూసుకున్న సర్వర్ మెయిల్ ఇవ్వకుండానే వెళ్లిపోయి తన వైపే బౌన్స్ రాసేసుకుంటుంది. మన లాగ్‌లో రిజెక్ట్ లైనే ఉండదు, పలకరింపు, క్విట్, అంతే. లిమిట్ పెంచితే మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్ అంతకంటే తక్కువ లేకుండా చూసుకోండి.

లిమిట్ పెంచాక డిస్కు కూడా చూసుకోవాలి. ఖాళీ జాగా మెసేజ్ లిమిట్‌కి ఒకటిన్నర రెట్లకంటే తగ్గితే పోస్ట్‌ఫిక్స్ 452 4.3.1 "ఇన్‌సఫిషియెంట్ సిస్టమ్ స్టోరేజ్" అని అందర్నీ తర్వాత రమ్మంటుంది. సాధారణంగా డిస్కుని తినేది మెయిల్స్ కాదు, లాగులూ, పాత బ్యాకప్పులూ.

లోపలికి తీసుకున్నాక తిప్పి పంపితే

బౌన్స్ రాసింది మన సర్వరే అయితే లాగ్‌లో స్టేటస్=బౌన్స్‌డ్ అని ఉంటుంది, పక్కన బ్రాకెట్లో ఎవరు ఏమన్నారో ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ సరేనని తీసుకుంది, డవ్‌కాట్‌కి ఇస్తే "యూజర్ డజన్ట్ ఎగ్జిస్ట్" అనో, కోటా నిండిందనో అంది. అప్పటికే పంపినవాడు వెళ్లిపోయాడు కాబట్టి మన సర్వరే కూర్చుని బౌన్స్ ఉత్తరం రాస్తుంది. ఆ వచ్చింది స్పామైతే ఫ్రమ్ అడ్రస్ దొంగది, మన బౌన్స్ ఎవరో సంబంధం లేని మనిషి నెత్తిన పడుతుంది. అలాంటివి నాలుగొందలు పోతే మన ఐపీ బ్లాక్‌లిస్టులోకి ఎక్కుతుంది. చెడ్డ సంగతి అన్నది ఇందుకే.

యూజర్ లేడంటే పోస్ట్‌ఫిక్స్ టేబుల్ ఒకటి, డవ్‌కాట్ టేబుల్ ఇంకొకటి చెబుతున్నాయి. ఒకటి పూర్తి అడ్రస్ వెతుకుతుంటే ఇంకోటి అడ్రస్‌లో ఎట్ గుర్తుకి ముందున్న భాగమే వెతుకుతుండొచ్చు, డవ్‌కాట్‌లో ఆథ్_యూజర్‌నేమ్_ఫార్మాట్ చూడండి. డవ్‌కాట్ 2.3 నుంచి 2.4కి వెళ్తే కాన్ఫిగ్ పద్ధతే మారిపోయింది, పాత ఫైలు నడవదు. కోటా విషయంలో క్వోటా-స్టేటస్ సర్వీస్‌ని పోస్ట్‌ఫిక్స్‌కి కలిపితే, నిండిన సంగతి గుమ్మంలోనే చెప్పేయొచ్చు.

ఫార్వర్డింగ్ ఉంటే కథ వేరు. మన అడ్రస్‌కి వచ్చినదాన్ని జీమెయిల్‌కి తోస్తున్నామనుకోండి. జీమెయిల్ దృష్టిలో ఎవరిదో మెయిల్ మన ఐపీ నుంచి వస్తోంది, ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ మెయిల్ ఏ ఐపీలు పంపొచ్చో చెప్పే జాబితా) ఫెయిల్, చాలాసార్లు 550 5.7.26. పంపినవాళ్లకి తాము ఎన్నడూ వినని జీమెయిల్ అడ్రస్ పేరుతో బౌన్స్ పోతుంది. పంపినవాళ్ల అడ్రస్‌ని మన డొమైన్‌తో తిరగరాసే ఎస్ఆర్ఎస్ పెడితే ఎస్‌పీఎఫ్ వరకు నయమవుతుంది. నా సలహా అడిగితే ఫార్వర్డింగ్ మానేసి, ఫోన్‌లో రెండో అకౌంట్ పెట్టుకోండి.

చేత్తో ఒకసారి

మార్పు చేశాక బావగార్లని పదేపదే పంపమనడం బాగుండదు. బయటి మెషీన్‌లో స్వాక్స్ అనే చిన్న టూల్ పెట్టుకోండి. క్విట్-ఆఫ్టర్ ఆర్‌సీపీటీ అని ఆప్షన్ ఇస్తే మెయిల్ పంపకుండానే గుమ్మం దాకా వెళ్లి "ఫలానా మనిషి ఉన్నారా?" అని అడిగి వచ్చేస్తుంది. పదకొండు అడ్రసులూ అర నిమిషంలో తేలిపోతాయి.

స్వాక్స్ లేకపోతే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్‌తో స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టి చేత్తో కొట్టొచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అందులో ఆర్‌సీపీటీ టూ అని పెద్దక్షరాల్లో కొట్టకండి. లైన్ మొదట్లో పెద్ద ఆర్ కనబడగానే ఆ టూల్ దాన్ని తనకిచ్చిన ఆర్డర్ అనుకుని టీఎల్ఎస్ రీనెగోషియేషన్ మొదలుపెడుతుంది, మీ కమాండ్ సర్వర్‌కి చేరదు. చిన్నక్షరాల్లో కొట్టండి. దీనికోసం ఒక పూట సర్వర్‌ని తిట్టాను.

ఇప్పుడు వేరేచోట ఉన్న ఒక మెషీన్ రోజూ ఉదయం ఆరింటికి స్వాక్స్‌తో నా అడ్రస్‌నీ, అక్క అడ్రస్‌నీ, అసలు లేని ఒక అడ్రస్‌నీ అడుగుతుంది. మొదటి రెండింటికి 250, అంటే సరే అని, మూడోదానికి 550 రావాలి. ఏది తేడా వచ్చినా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మెయిల్ కాదు, మెసేజ్. మెయిల్ చెడిపోయిందని మెయిల్లో చెప్పే అలారం మొదట్లో పెట్టింది నేనే, దాని గురించి ఇంకేం అడక్కండి.

ఆ మూడో అడ్రస్ ఎందుకంటే, సాఫ్ట్_బౌన్స్ తీయడం మర్చిపోతే దానికి 550 బదులు 450 వస్తుంది. బావగారి నాలుగో మెయిల్ అక్కకి చేరాక నేను మర్చిపోయాను. అలారం మోగితే గుర్తొచ్చింది. నో అని మార్చి రీలోడ్ కొట్టాను.